ఆస్కార్‌కు తోడెవరు, ఏంజెల్‌కు పొరుగెవరు: రెండు ట్యాంకులు సర్దిన నా అనుభవం

మా తోడల్లుడికి విశాఖపట్నం బదిలీ అయినప్పుడు ఆయన ఇంట్లో ఉన్న నాలుగు అడుగుల అక్వేరియం, చేపలతో సహా, విజయవాడ సత్యనారాయణపురంలోని మా వాటాలోకి వచ్చింది. అందులో ఎనిమిది అంగుళాల ఆస్కార్ ఒకటి, సిక్లిడ్ అనే చేపల కుటుంబానికి చెందిన కాన్విక్ట్‌ల జంట, జానెడు దాటిన సక్కర్ చేప ఒకటి ఉన్నాయి. అప్పటికే మా ముందు గదిలో రెండున్నర అడుగుల ట్యాంకు ఒకటి ఉండేది. అందులో నాలుగు ఏంజెల్ చేపలు, మూడు టైగర్ బార్బ్‌లు పెరుగుతున్నాయి. మూడో ట్యాంకు పెట్టే ప్రసక్తి లేదు. నాలుగు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న ట్యాంకులో తొమ్మిది ఘనపుటడుగులు, అంటే అంచుదాకా పోస్తే దాదాపు 255 లీటర్ల నీరు పడుతుంది. అద్దం, ఇసుక, ఇనుప స్టాండు కలిపితే బరువు 300 కిలోలు దాటుతుంది. పై అంతస్తులో అద్దెకున్న మేము దాన్ని దూలం వెళ్లే గోడవారగా పెట్టుకోవడానికే ఇంటివారిని ఒప్పించవలసి వచ్చింది. కాబట్టి ఉన్న రెండు ట్యాంకుల్లోనే ఏ చేప దేనితో ఉండాలో, ఏది ఇల్లు విడిచి వెళ్లాలో, కొత్తగా ఏవి రావాలో తేల్చుకోవలసి వచ్చింది.

అక్వేరియం షాపుల్లో వేలాడదీసే పట్టికల్లో చేపలన్నింటినీ శాంతమైనవి, కొంచెం దూకుడైనవి, బాగా దూకుడైనవి అని మూడు వరుసల్లో పెడతారు. ఆ పట్టికతో పని మొదలుపెట్టవచ్చు గాని దానితో ముగించలేమని నాకు త్వరలోనే అర్థమైంది. ఆస్కార్ టెట్రా అనే చిన్న చేపను మింగితే అందులో కోపమేమీ లేదు. నోట్లో పట్టే ప్రాణి కనబడితే అది దానికి తిండి. కాన్విక్ట్ తనకు రెండింతలున్న చేప మీదికి ఉరికితే దాని వెనుక గుడ్లు ఉన్నాయన్నమాట. టైగర్ బార్బ్ ఏంజెల్ రెక్కలు కొరికేది తమ గుంపులో పెద్దరికం తేల్చుకోవడానికి తగినన్ని బార్బ్‌లు లేకపోవడం వల్ల. శాంతమైన చేపల వరుసలో కనబడే ఏంజెల్, ఎదిగిన తరువాత, నియాన్ టెట్రాను సులువుగా మింగుతుంది. ఈ రెండూ అమెజాన్ నదీ ప్రాంతం నుంచే వచ్చాయి, అక్కడ కూడా వీటి బంధుత్వం అదే. బయటికి అన్నీ తగవులాగే కనబడినా ఆకలి, స్థలం, సంతానం, గుంపు అలవాటు అనే నాలుగు వేరువేరు కారణాలకు నాలుగు వేరువేరు విరుగుడులు కావాలి. ఆకలికి విరుగుడు పరిమాణం. స్థలానికి ట్యాంకు పొడవు, దాగేందుకు చాటు. సంతానానికి జంటను విడదీయడమో, వాటికే ట్యాంకు వదిలేయడమో. గుంపు అలవాటుకు సంఖ్య పెంచడం.

నేను ఒక నోటు పుస్తకంలో మొదట రాసుకున్నది ప్రతి చేపా పూర్తిగా ఎదిగితే ఎంత అవుతుందన్న లెక్క. ఆస్కార్ 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. మామూలు సక్కర్ 40 సెంటీమీటర్లు దాటగలదు. మగ కాన్విక్ట్ 10 నుంచి 12, టైగర్ బార్బ్ 7, నియాన్ టెట్రా మూడు, మూడున్నర సెంటీమీటర్లు. ఏంజెల్ పొడవు 15 సెంటీమీటర్లే అయినా రెక్కలతో కలిపి ఎత్తు అంతకంటే ఎక్కువ కావడం వల్ల దానికి లోతైన ట్యాంకు అవసరం. షాపులో చూసేటప్పుడు ఇవన్నీ ఒకే అంగుళంన్నర పిల్లలుగా, ఒకే గాజుపెట్టెలో, ఎంతో స్నేహంగా తిరుగుతూ కనిపిస్తాయి. ఆ వయసులో ఎవరి స్వభావమూ బయటపడదు. గవర్నర్‌పేటలో నేను తరచుగా వెళ్లే షాపు పెద్దాయన ఒకసారి, "సార్, చేప అందాన్ని తరువాత చూద్దురుగాని, ముందు దాని నోరు తెరిచినప్పుడు ఎంతుంటుందో చూడండి" అన్నారు. ఆస్కార్ మేత తినేటప్పుడు నేను దగ్గరగా కూర్చొని చూశాను. మూసి ఉన్నప్పుడు మామూలుగా అనిపించే ఆ నోరు గుళిక కనబడగానే గరాటులా ముందుకు సాగి, చుట్టూ ఉన్న నీటితో సహా గుళికను లోపలికి లాగేసింది. గుళిక వెనకనే ఏదైనా చిన్న చేప ఈదుతూ ఉంటే దానికీ అదే గతి.

రెండో లెక్క నీటిది. మా ఇంటికి కార్పొరేషన్ సరఫరా చేసే కృష్ణా నీరూ, బోరు నీరూ రెండూ వస్తాయి. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్‌ను కొలిచే ద్రావణాల పెట్టె, నీటిలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరు కొని రెండింటినీ పరీక్షించాను. కుళాయి నీటి పీహెచ్ 7.6 దగ్గర ఉంది, టీడీఎస్ కూడా భరించదగినంతే. బోరు నీటి టీడీఎస్ 900 దాటింది. ఆస్కార్, ఏంజెల్ వంటి దక్షిణ అమెరికా చేపలకు పుట్టిన చోట మెత్తని (లవణాలు తక్కువగా ఉన్న), కాస్త ఆమ్లగుణం ఉన్న నీరు అలవాటైనా, తరతరాలుగా ఫారాల్లో పెంచినవి కావడం వల్ల 7.6 పీహెచ్‌కు అవి ఇబ్బంది పడవు. ఆఫ్రికాలోని మలావీ సరస్సు సిక్లిడ్‌లకైతే బోరు నీరే నచ్చుతుంది; కాని వాటికి 7.8 నుంచి 8.6 దాకా పీహెచ్ ఉన్న గట్టి నీరు కావాలి కనుక వాటిని ఆస్కార్‌తోనో ఏంజెల్‌తోనో కలపడమంటే ఎవరో ఒకరికి నిత్యం అసౌకర్యమే. కుళాయి నీటినే వాడాలని, క్లోరిన్ పోవడానికి ఒక రోజు డ్రమ్ములో ఉంచి, తొందరైతే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలని నిర్ణయించాను.

మూడోది, బహుశా మన ఊరికి అన్నింటికంటే ముఖ్యమైనది, వేడి. మే నెలలో ఫ్యాను తిరుగుతున్న గదిలో కూడా మా ట్యాంకు నీరు 32, 33 డిగ్రీలకు చేరుతుంది. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గిపోతుంది: 25 డిగ్రీల దగ్గర లీటరుకు ఎనిమిది మిల్లీగ్రాములకు పైగా కరగగలిగేది 33 డిగ్రీల దగ్గర ఏడు చిల్లరకు దిగుతుంది. అదే సమయంలో చేపల శరీరానికి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. వాటి వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా కూడా వేడిలో మరింత విషమవుతుంది. మా అమ్మాయి ఎంతో ఆశపడ్డ నియాన్ టెట్రాలకు 21 నుంచి 25 డిగ్రీలు హాయి. గోల్డ్‌ఫిష్‌కు అంతకంటే చల్లని నీరే మంచిది. నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం కొనే స్తోమత, అది పెట్టే కరెంటు బిల్లు భరించే ఓపిక మాకు లేవు. "అవి మనింట్లో మే నెల దాటలేవమ్మా" అని చెబితే అమ్మాయి ముఖం చిన్నబుచ్చుకుంది గాని, థర్మామీటరు తానే చూసి వచ్చి పట్టుదల మానుకుంది. ఏంజెల్ వాటిని మింగుతుందన్న విషయం చెప్పవలసిన అవసరమే రాలేదు.

ఇక ఉన్నవాటి సంగతి. తోడల్లుడి దగ్గర ఆస్కార్, కాన్విక్ట్‌లు కలిసి పెరిగాయి కనుక కలిసే ఉంటాయని ఆయన అభిప్రాయం. "ఏడాదిగా ఒక్క గొడవా లేదు అన్నయ్యగారూ" అని ఫోనులో చెప్పారు. అది నిజమే అయి ఉంటుంది. అయితే మా ఇంటికి వచ్చాక ఆడ కాన్విక్ట్ పొట్ట పక్కల నారింజ రంగు తేలింది. ఈ జాతిలో విచిత్రంగా రంగు ఆడదానికే ఎక్కువ. ఒక ఉదయం చూస్తే మూలన పడి ఉన్న మట్టి కుండీ ముక్క లోపలి వైపున గుడ్లు అంటించి ఉన్నాయి. ఆడది వాటి మీద రెక్కలతో అదే పనిగా విసురుతోంది. మగది కుండీ ముక్కకు మూరెడు దూరంలో ఒక గీత గీసినట్టు కాపలా తిరుగుతూ, ఆస్కార్ ఆ గీత దాటినప్పుడల్లా మొప్పలు విప్పి ఎదురు వెళ్లి పక్కటెముకల మీద గుద్దుతోంది. అంత పెద్ద ఆస్కార్ రంగు నల్లబడి, పై మూలలో ఫిల్టర్ గొట్టం పక్కన తలకిందుగా వాలి నిలబడిపోయింది. మేతకు కూడా కిందికి దిగలేదు. నాలుగు అడుగుల్లో మూడడుగులు ఆ జంట సొంతమైంది. పరిమాణం చూసి ఎవరు బలవంతులో నిర్ణయించకూడదని చాలామంది అంటారు గాని, కళ్లారా చూస్తే తప్ప అది మనసుకెక్కదు.

జంటను విడదీసి ఒక్క మగదాన్ని ఉంచుకోవచ్చునా అని ఆలోచించాను. ఒంటరి కాన్విక్ట్ ఆస్కార్‌తో సర్దుకుపోయే అవకాశం బాగానే ఉంది. కాని ఆడదాన్ని మాత్రం పంపాలంటే తీసుకునేవారు దొరకాలి కదా. చివరికి గుంటూరులో కాన్విక్ట్‌లనే ప్రత్యేకంగా మూడడుగుల ట్యాంకులో పెంచుతున్న ఒక సహోద్యోగి రెండింటినీ తీసుకున్నారు. వాటిని వేరువేరు పాలిథిన్ సంచుల్లో, మూడో వంతు నీరు, మిగతా రెండు వంతులు ఆక్సిజన్ నింపించి, థర్మోకోల్ పెట్టెలో పెట్టి తీసుకువెళ్లాను. సంచిలో నీరు ఎక్కువ ఉంటే చేపకు మేలని చాలామంది అనుకుంటారు. నిజానికి ప్రయాణంలో చేపకు కావలసింది ఆ నీటి పైన ఉండే గాలి.

రెండున్నర అడుగుల ట్యాంకులో ఏంజెల్‌లు, బార్బ్‌ల వ్యవహారం ఇంత నాటకీయంగా లేదు గాని లోలోపల అంతకంటే హాని చేస్తోంది. ఏంజెల్ పొట్ట కింద మీసాల్లా వేలాడే పొడవైన ఈకల్లాంటి రెక్కలు రెండుంటాయి. మేత వేయగానే ఏంజెల్‌లు పైకి చూస్తూ నిలబడతాయి. సరిగ్గా ఆ క్షణంలో ఒక బార్బ్ కింది నుంచి వచ్చి ఆ ఈక చివర కొరికి పోతుంది. రక్తం రాదు, పెద్ద గాయం కనబడదు. కొన్నాళ్లకు ఈకలు పొట్టివై, వాటి చివర తెల్లటి బూజు అంటుకుంటుంది. బార్బ్‌లు మూడే ఉండడం ఇందులో పెద్ద కారణం. ఎనిమిదీ పదీ ఉంటే తమలో తాము తరుముకుంటూ కాలం గడుపుతాయి, ఇతరుల జోలికి పోవడం తగ్గుతుంది. కాని ఆ ట్యాంకులో నికరంగా 95 లీటర్ల నీరే పడుతుంది. ఎనిమిది బార్బ్‌లు, నాలుగు ఏంజెల్‌లు అందులో ఇమడవు. పైగా సంఖ్య పెంచినా, నెమ్మదిగా ఈదే పొడుగు రెక్కల చేప ఎదుట ఉంటే బార్బ్ నోరు కట్టుకుని కూర్చోదు. ఏంజెల్, ఫైటర్, మగ గప్పీ వంటి వాటితో టైగర్ బార్బ్‌లను ఏ సంఖ్యలోనూ పెట్టకూడదని నా అభిప్రాయం. ఆస్కార్ ట్యాంకులోకి మారిస్తే దాని నోటికి సరిగ్గా సరిపోతాయి. కనుక షాపు పెద్దాయనకే ఇచ్చాను. ఆయన వాటిని పాతిక బార్బ్‌లున్న ట్యాంకులో వదలగానే, మా ఇంట్లో రౌడీలుగా తిరిగిన ఆ మూడూ మిగతావాటితో తరుములాటలో కలిసిపోయి, ఏవి మావో పోల్చుకోలేకుండా పోయాయి.

సక్కర్ చేప విషయంలోనే అందరి దగ్గరా ఎక్కువ సలహాలు వచ్చాయి. పాచి తింటుంది కనుక ట్యాంకు శుభ్రంగా ఉంటుందని దాన్ని కొంటారు. చిన్నప్పుడు కొంత తింటుంది. పెద్దదయ్యాక మేతగుళికలకే అలవాటు పడి, తినేదానికంటే ఎక్కువ మురికి చేస్తుంది. రాత్రిపూట బల్లపరుపు ఒళ్లున్న చేపల పక్కలకు అంటుకుని వాటి మీది జిగురుపొరను గీకి తినే అలవాటు కొన్నింటికి పడుతుంది. నేను ఆస్కార్‌కు తోడుగా ఆలోచిస్తున్నవి అలాంటి ఒళ్లున్న చేపలే కావడంతో దీన్ని పంపక తప్పలేదు. "బందరు కాలువలో వదిలెయ్యండి, ప్రాణం పోసిన పుణ్యం వస్తుంది" అని పక్కవారు చెప్పారు. ఇది మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడని పని. దక్షిణ అమెరికాకు చెందిన ఈ చేప ఇలాగే అక్వేరియంల నుంచి బయటపడి మన చెరువుల్లో, కాలువల్లో వ్యాపించింది. గట్టి పెంకు, ముళ్ల రెక్కలు ఉండడం వల్ల వలలు చిరిగిపోతాయి, కొనేవారు లేరు, గట్లలో బొరియలు చేసి గుడ్లు పెడుతుంది. మత్స్యకారులు దీన్ని దెయ్యం చేప అని తిట్టుకుంటున్నారు. గన్నవరంలో ఆరడుగుల ట్యాంకులో పెద్ద ఆస్కార్లను పెంచుతున్న ఒక పరిచయస్తుడు దొరికేదాకా దాన్ని మా దగ్గరే ఉంచాను.

ఇప్పుడు ఆస్కార్‌కు తోడు వెతకాలి. ఒంటరిగా ఉంచినా దానికి లోటేమీ లేదు. చాలామంది అలాగే ఉంచుతారు. కాని తోటి చేపలు మధ్య నీటిలో నిర్భయంగా తిరుగుతుంటే ఆస్కార్ కూడా మూల వదిలి బయటికి వస్తుంది. షాపులో గ్రీన్ టెర్రర్, జాక్ డెంప్సీ, బ్లడ్ ప్యారట్, బాలా షార్క్, సిల్వర్ డాలర్ నా ముందుకు వచ్చాయి. అమెరికన్ బాక్సింగ్ వీరుడి పేరు పెట్టుకున్న జాక్ డెంప్సీ, గ్రీన్ టెర్రర్ రెండూ సిక్లిడ్‌లే. నేల మీద హద్దులు గీసుకునే జాతి. ఆరడుగుల ట్యాంకైతే ఆలోచించేవాడిని, నాలుగడుగుల్లో అవి ఎదిగాక రోజూ పంచాయతీయే. బ్లడ్ ప్యారట్ సంకరజాతి. నోరు పూర్తిగా మూసుకోలేదు కనుక మేత దగ్గరా, తగవు దగ్గరా ఆస్కార్ ముందు నిలవలేదు. బాలా షార్క్ సాధుస్వభావం గలదే, కాని అడుగు పొడవు పెరిగే వేగమైన చేప. ఉలిక్కిపడితే అద్దానికి తల బాదుకుంటుంది. సిల్వర్ డాలర్ మాత్రం నా లెక్కలన్నింటికీ నిలిచింది. ఎదిగితే 15 సెంటీమీటర్లు. పళ్లెంలా గుండ్రంగా, ఎత్తుగా ఉంటుంది కనుక ఒక మోస్తరు సైజు నుంచే ఆస్కార్ నోట్లో పట్టదు. శాకాహారి, హద్దులు గీసుకోదు, గుంపుగా మధ్య నీటిలో తిరుగుతుంది, చురుకుగా తప్పించుకోగలదు. దాని లోపమల్లా మొక్కలను బతకనివ్వకపోవడం; ఆస్కార్ ఎలాగూ మొక్కలను పెళ్లగిస్తుంది కనుక ఆ ట్యాంకులో అసలు మొక్కలే లేవు. మూడంగుళాలు దాటినవి నాలుగు తీసుకున్నాను. ఆరుంటే అవి ఇంకా ధైర్యంగా ఉండేవి గాని, ఆస్కార్ ఒక్కటే ఆ ట్యాంకు ఫిల్టర్‌కు చాలినంత పని పెడుతుంది కనుక నాలుగు దగ్గర ఆగాను.

ఏంజెల్‌ల ఎంపిక అంతకంటే నాజూకైనది. వాటి నోట్లో పట్టకూడదు, వాటి రెక్కలు కొరకకూడదు, 32 డిగ్రీల వేడికి తట్టుకోవాలి, కాస్త గట్టి నీటిని భరించాలి. సర్పే టెట్రా, బ్లాక్ విడో టెట్రా రెక్కలు కొరికే అలవాటు వల్ల పోయాయి. ఇసుకలో తవ్వుకుంటూ తిరిగే కోరిడోరాస్ నాకెంతో ఇష్టమైనా వాటిలో ఎక్కువ రకాలు మన ఎండాకాలపు నీటిలో ఇబ్బంది పడతాయి. చివరికి బ్లాక్ మోలీలు నాలుగు, ఒక మగ, మూడు ఆడ, తీసుకున్నాను. మగవి ఎక్కువైతే ఆడవాటిని ఊపిరాడకుండా వెంటాడతాయి కనుక ఈ నిష్పత్తిని షాపులో నిలబడి, పొట్ట కింది రెక్క సూదిలా ఉన్నది మగ, విసనకర్రలా ఉన్నది ఆడ అని చూసుకుంటూ ఏరించాను. మోలీ పిల్లలను ఏంజెల్‌లు తినేస్తాయి. మూడు వారాలకో నెలకో ఒకసారి ఈనే మోలీలతో ట్యాంకు నిండిపోకుండా అదొక అదుపు. అడుగున తిరగడానికి వేడి నీటిని ఇష్టపడే కూలీ లోచ్‌లు అయిదు తెచ్చాను. పగలంతా కొయ్య కింద దూరి, దీపం ఆర్పాక బయటికి వస్తాయి.

కొత్తవాటిని తెచ్చిన రోజే ట్యాంకులో కలపలేదు. ప్లాస్టిక్ టబ్బులో, కొన్నాళ్లుగా పెద్ద ట్యాంకులో నానబెట్టి ఉంచిన స్పాంజ్ ఫిల్టర్ పెట్టి, మూడు వారాలు విడిగా ఉంచాను. అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు అప్పటికే స్పాంజ్‌లో పట్టి ఉండడం వల్ల టబ్బు మొదటి రోజు నుంచే పనిచేసింది. కొత్త ఫిల్టర్‌తో మొదలుపెడితే ఆ జీవులు పెరగడానికే నాలుగైదు వారాలు పడుతుంది. మోలీల ఒంటి మీద రెండో వారంలో ఉప్పు చల్లినట్టు తెల్లమచ్చలు వచ్చాయి. ఈ వైట్ స్పాట్ క్రిమి చేప చర్మంలో దాగి ఉన్నంతసేపు మందు దాన్ని తాకదు. రాలి, విభజన చెంది, నీటిలో ఈదే దశలోనే చస్తుంది. కనుక మచ్చలు పోగానే ఆపకుండా మందు కొనసాగించి, నీటిని 30 డిగ్రీల దగ్గర ఉంచి ఆ చక్రం త్వరగా తిరిగేలా చేశాను. అదే మోలీలు నేరుగా ఏంజెల్‌ల దగ్గరికి వెళ్లి ఉంటే రెండు ట్యాంకులకూ వైద్యం చేయవలసి వచ్చేది.

సిల్వర్ డాలర్లను ఆస్కార్ ట్యాంకులోకి దించిన తీరు కొంచెం వివరంగా చెబుతాను. ఆ ట్యాంకు తనదేనని ఆస్కార్‌కు బాగా తెలుసు. అందుకని ముందు రాళ్లు, కొయ్యదుంగ స్థానాలన్నీ మార్చేశాను. తెలిసిన హద్దులు చెరిగిపోతే పాత చేప కూడా కొత్తదానిలాగే తడుముకుంటుంది. తరువాత ట్యాంకును గళ్ల ప్లాస్టిక్ జాలీతో రెండు భాగాలు చేసి, ఒక వైపు ఆస్కార్‌ను, రెండో వైపు డాలర్లను ఉంచాను. తొలిరోజు ఆస్కార్ జాలీకి ముక్కు ఆనించి, మొప్పలు విప్పి, తోకతో వాటి వైపు నీటిని కొడుతూ గడిపింది. మరునాడు ఉదయం చూస్తే ఇసుక మీద ఒక పక్కకు ఒరిగి పడుకుని, నారింజ వలయంలో నల్లచుక్క ఉన్న తోక మొదలు పైకి కనబడేలా, కదలకుండా ఉంది. మా ఆవిడ "పోయిందేమోనండీ" అని కంగారుపడింది. మొప్పలు క్రమంగా ఆడుతున్నాయి, కన్ను మమ్మల్ని వెంబడిస్తోంది. ట్యాంకులో ఏ మార్పు చేసినా ఆస్కార్ ఇలా అలుగుతుందని చదివి ఉన్నాను కనుక నీటిని పరీక్షించి, అమ్మోనియా సున్నా అని చూసుకుని, దాని మానాన దాన్ని వదిలేశాను. అలక తీరి రొయ్య ముక్క కోసం పైకి వచ్చాక, జాలీ అవతల డాలర్లు తిరుగుతున్నా పట్టించుకోవడం మానేశాక, ఒక సాయంత్రం దానికి కడుపునిండా మేత వేసి, దీపం ఆర్పి, జాలీ తీసేశాను. చీకట్లో కాసేపు టార్చి వెలుగులో కనిపెట్టాను. ఒకటి రెండు సార్లు ఉరికింది. డాలర్లు విడిపోయి మళ్లీ కలిశాయి. ఒకటి తప్ప మిగతావి పొలుసు కూడా కోల్పోలేదు. ఆ ఒక్కదాని తోక చివర చీలింది, తరువాత అతుక్కుంది.

మా తోడల్లుడు దానికి బతికిన గప్పీలను మేతగా వేసేవారు. ఆ అలవాటు మాన్పించాను. వాటితో పాటు జబ్బులు వస్తాయన్నది ఒక కారణం. తనతో పాటు ఈదే చేపను తిండిగా చూసే అలవాటును మనమే రోజూ నేర్పుతూ తోడు పెట్టాలనుకోవడం కుదరని పని అన్నది రెండో కారణం. ఇప్పుడు సిక్లిడ్ గుళికలు, అప్పుడప్పుడు రొయ్య ముక్కలు. డాలర్లకు ఉడికించిన పాలకూర, దోసకాయ ముక్క. ఆస్కార్ దోసకాయను ఒకసారి నోట్లో వేసుకుని ఉమ్మేసింది.

ఇంతలో రెండో ట్యాంకులో నేను ఎదురుచూసిన పరిణామమే వచ్చింది. నాలుగు ఏంజెల్‌లలో రెండు జతకట్టి, ఫిల్టర్ గొట్టాన్ని నోటితో శుభ్రం చేయడం మొదలుపెట్టాయి. ఇక గుడ్లు పెడతాయని తెలిసిపోయింది. పెట్టిన రోజు నుంచి అప్పటిదాకా సాధువులైన ఆ రెండూ మోలీలను, మిగతా రెండు ఏంజెల్‌లను ఒక మూలకు నెట్టాయి. కాన్విక్ట్‌లంత మొండిగా కాదు గాని, 95 లీటర్లలో ఆ మాత్రమే చాలు. ఆస్కార్ ట్యాంకులో వాడిన జాలీని కోసి ఇక్కడ అడ్డం పెట్టాను. మొదటి విడత గుడ్లను ఆ జంటే తినేసింది. వయసులో చిన్నవైన జంటలు తరచుగా అలా చేస్తాయి. జత కాని ఏంజెల్‌లు రెండింటినీ షాపుకు ఇచ్చేశాను. జంట ఏర్పడ్డ ట్యాంకులో మరో ఇద్దరు పెద్దవాళ్లకు చోటు దొరకాలంటే ట్యాంకు పొడవు ఇంకో అడుగున్నర ఉండాలి.

పక్క వాటా వారు వాస్తు కోసమని తెచ్చుకున్న ఫ్లవర్‌హార్న్‌ను తిరుపతి వెళ్లి వచ్చేదాకా మా పెద్ద ట్యాంకులో ఉంచమని అడిగారు. అది మలేషియాలో సంకరం చేసి పుట్టించిన సిక్లిడ్. అద్దంలో తన నీడనే ఓర్చుకోదు. కాదనడం మొహమాటంగా ఉన్నా, వారి ట్యాంకుకే రోజూ వెళ్లి మేత వేసి వచ్చాను. నాలుగు రోజులు మేత లేకపోయినా పెద్ద చేపకు ప్రమాదం లేదని చెప్పాను గాని వారు నమ్మలేదు.

నిర్వహణలో నాకు ఎక్కువ శ్రమ పెద్ద ట్యాంకుదే. వారానికొకసారి 40 శాతం నీరు మారుస్తాను, నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాములు దాటకుండా చూస్తాను. కరెంటు పోతే ముందు గుర్తొచ్చేది ఆ ట్యాంకే కనుక బ్యాటరీతో నడిచే గాలి పంపు పక్కనే ఉంటుంది. ఎండాకాలంలో మూత తీసి నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఆస్కార్ ఎగిరి దూకుతుంది కనుక మూత స్థానంలో వల బిగిస్తాను. ఉక్కపోత రోజుల్లో ఫ్యాను అంతగా పనిచేయదు, అప్పుడు మేత సగానికి తగ్గిస్తాను. రోజూ మేత వేసేటప్పుడు ఎవరు రాలేదో చూడడం మాత్రం ఎప్పుడూ మానను. పై మూలన ఫిల్టర్ వెనుక నిలబడ్డది, రంగు ముదిరినది, రెక్కలు ఒంటికి నొక్కిపెట్టుకున్నది, ఆకలున్నా వెనక్కి తగ్గేది ఉంటే, గాయం కనబడకపోయినా దాన్ని ఎవరో బెదిరిస్తున్నట్టే లెక్క. అప్పుడు జాలీ మళ్లీ అడ్డం పెడతాను.

సిల్వర్ డాలర్లు ఇప్పుడు అరచేతి వెడల్పు అయ్యాయి, ఆస్కార్ పది అంగుళాలు దాటింది. అమ్మాయి కూలీ లోచ్‌లను ఇంకో నాలుగు తెమ్మని అడుగుతోంది. ఏంజెల్ జంట మళ్లీ గొట్టం తుడుస్తోంది కనుక, ఈ విడత గుడ్ల సంగతి తేలి, వానలు పడి నీరు 29 డిగ్రీలకు దిగాక తెస్తానని చెప్పాను. టబ్బులో పెట్టవలసిన స్పాంజ్‌ను మాత్రం ఇప్పుడే పెద్ద ట్యాంకులో వేశాను.